గొరకల గొంతు

గొంతు డాక్టరు పట్నాయక్ చీటీ మీద రాశాడు:
వారం రోజులు మాట వద్దు, పాట అసలే వద్దు.
లోపల మినపగింజలంతేసి కాయలు రెండట,
ముప్ఫై ఒక్క ఏళ్ళు సరళీవరుసలు చెప్పినందుకు
పేరుకున్న వడ్డీ.

అంబటిసత్రం దగ్గర మా ఇంట్లో మౌనం కుదరదు.
పాలవాడికి లెక్క చెప్పాలి,
మేడమీది అద్దెవాళ్ళ మోటారుకి అరవాలి,
వీధిలో ఎవరో మోహనలో గాంధారం తప్పితే
నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

డీఏ బకాయిలు పడ్డాయి.
చింతపల్లి ఒడ్డున, సరుగుడు తోట వెనక,
మనుషుల్ని సముద్రం అడుక్కి దింపే రిసార్టు ఉందనీ
అక్కడ నీళ్ళలో ఎవరూ మాట్లాడరనీ
శిష్యురాలి మొగుడు చెప్పాడు.
ఆ రెండో ముక్కకే పద్దెనిమిది వేలు కట్టేశాను.

రిసార్టంటే ఆరు రేకుల గదులు, ఒక కంప్రెసరు,
తీగమీద ఆరేసిన రబ్బరు తొడుగులు,
తలలు ఇంట్లో మరిచొచ్చిన మనుషుల్లా.
యాభై ఏడేళ్ళ ఆడదాని కొలత వాళ్ళ దగ్గర లేదు.
మగవాళ్ళదే తొడిగారు.

నేర్పేవాడు బర్రి పోలిరాజు.
వెరావల్ బోట్ల మీద మూడేళ్ళు, అండమాన్లో రెండు,
మోకాలి మీద పెద్ద మచ్చ.
"మేడంగారూ, ఒకటే మాట. ఊపిరి పట్టీకండి, ఒగ్గీయండి.
బిగబట్టినోడి తిత్తి పేలిపోద్ది."
నవ్వొచ్చింది, మింగాను.
ఇన్నేళ్ళూ నేను పిల్లలకి చెప్పింది
సరిగ్గా దీనికెదురు:
పట్టు, ఇంకాస్త పట్టు, సమం వచ్చేదాకా వదలకు.

బొటనవేలెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని.
బాగుంటే వేలూ వేలూ కలిపి సున్నా చుట్టాలి.
రెండో రోజంతా నేను సంబరంగా బొటనవేలెత్తడం,
అతను నన్ను పైకి లాక్కురావడం.

మూడో రోజు ఎడమ చెవి ఒప్పుకోలేదు.
నాలుగో రోజు ఈదురుగాలి, ఎర్ర జెండా.
కవ్వళ్ళ వేపుడు వాసనలో కూర్చుని
వంటామెకి పలక మీద రాశాను: ఉప్పు తక్కువ.
ఆమెకి చదువు రాదు.
నవ్వి, ఇంకో గరిటె వేసింది.

ఐదో రోజు ముప్ఫై అడుగులు.
ఒడ్డునుంచి ఆకుపచ్చగా కనబడ్డ నీళ్ళు
అడుగున బూడిదరంగు.
ఒక బండ, దానికి చిక్కిన పాత వల,
వలలో ఎవరిదో ఎడమకాలి చెప్పు.
నా ఊపిరి లోనికి గరగర, బయటికి గలగల.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా
నాకు తెలిసిన ఏ తాళానికీ లొంగలేదు.

ఆరో రోజు డాక్టరుకి ద్రోహం చేశాను.
ఆ బండ దగ్గర, రబ్బరు ముక్క పళ్ళ మధ్య ఉండగానే,
మంద్రషడ్జం పట్టాను.
పట్టలేదు, ఒగ్గేశాను.
అది బుడగలై నా ముఖం మీదుగా పైకి పోయింది.
చారల చేప ఒకటి ఆగి, విసుగ్గా చూసి, తిరిగిపోయింది.
పోలిరాజు గబగబా ఈదుకొచ్చి బొటనవేలెత్తాడు.

పైన, బోటు అంచు పట్టుకుని:
"ఏటైనాదమ్మా? ఏడుత్తన్నారేటి?"
పలక మీద రాశాను: లేదు. పాడాను.
చదివి, ముఖం తుడుచుకుని, మళ్ళీ చదివాడు.
"మా తాత తెడ్డు నీటిలోకి దించీసి
పిడికి చెవి ఆనించీవోడు.
గొరకలు కూత్తాయి గదా, ఆ కూత బట్టి వలేసీవోడు.
ఇప్పుడు ఇంజన్ల మోత. ఎవులికీ ఇనపడదు."

ఏడో రోజు నేను దిగలేదు.
ఇంజను ఆపమని సైగ చేసి తెడ్డు దింపించాను.
పిడి నిండా ఉప్పు. చెవి ఆన్చాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో కింద
తుప్పు గొళ్ళెం తీసినట్టు, కప్ప దగ్గినట్టు,
శ్రుతి లేని గొంతులు, శ్రుతి అక్కర్లేని గొంతులు.
ఒకటి కాదు, ఒక వీధంత.
పోలిరాజు తల పట్టి పిడి దగ్గరికి వంచాను.
విన్నాడో లేదో అడగలేను కదా.
చాలాసేపటికి
వేలూ వేలూ కలిపాడు.

పూసపాటిరేగ జంక్షన్లో బస్సెక్కాను.
"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.
గడువు ఆ ఉదయమే తీరింది.
నోరు తెరిస్తే నాది కాని బొంగురుతో,
నేనెన్నడూ పలకని యాసతో వచ్చింది:
ఇజీనారం.

అతనేమీ వింతగా చూడలేదు.
టిక్కెట్టు చింపి, చిల్లర చేతిలో పెట్టి,
కొంచెం లోనకి జరగమన్నాడు.